రోడ్డుపై గీసిన గీత

మార్కాపురపు పలకపై అక్షరములు దిద్దినవారు మన తెలుగునాట ఎందఱో కలరు. భూగర్భమున పొరలు పొరలుగా పేరుకొన్న నల్లని రాతిని గనులనుండి వెలికిదీసి, పలుచని రేకులుగా చీల్చి, అంచులు నునుపుచేసి, నాలుగు వైపుల చెక్కచట్రము బిగించి ఆ ఊరి పనివారు బడిపిల్లల కందించిరి. కాగితపు పుస్తకములు చౌకయైన పిమ్మట పలకల వాడుక తగ్గినది. ఆ రాయి మాత్రము ఇండ్ల కప్పులకును, నేలలకును, గోడలకును పరచు బిళ్ళలై విదేశములకు సైతము పోవుచున్నది. పలకపై బలపముతో గీసిన గీతకు ఒక మంచి గుణము కలదు. తప్పు వ్రాసినచో తడిగుడ్డతో తుడిచి మరల వ్రాయవచ్చును. చదువుకొను బాలునకు అంతకంటె కావలసిన దేమున్నది?

మార్కాపురమునకు పడమట, నల్లమల కొండదారులలో, వేఱొక విధమైన పలకయు వేఱొక విధమైన బలపమును కలవు. పలక తారురోడ్డు. బలపము మోటారుసైకిలుకు ఇరుప్రక్కల పాదము లానించుటకై అమర్చిన ఇనుపకమ్మి. దానినే ఫుట్‌రెస్టు అందురు. బండి మలుపులో మిక్కిలిగా ఒరిగినప్పుడు ఆ కమ్మి నేలను తాకి, నిప్పురవ్వలు రాల్చుచు, రోడ్డుపై గీత గీయును. కొందఱు యువకులకు ఆ గీత గొప్ప బిరుదు. అరిగిన కమ్మిని వారు పతకమువలె చూపుకొందురు. ఆ గీతనుగూర్చి నా అభిప్రాయమును మీకు చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదట ఆ దారులను తెలిసికొందము. మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములు 1970వ సంవత్సరమువరకు కర్నూలు జిల్లాలో నుండెను. ఆ ఏట ఒంగోలు కేంద్రముగా ఏర్పడి, 1972లో ప్రకాశం జిల్లాయని పేరు పొందిన క్రొత్త జిల్లాలో అవి చేరినవి. తూర్పున వెలిగొండలు, పడమట నల్లమల. నడుమ ఈ ఊళ్ళు. మార్కాపురమునుండి కంభముమీదుగా గిద్దలూరు చేరువఱకు దారి చాలవఱకు మైదానమున సాగును. గిద్దలూరు దాటి నంద్యాలవైపు పోవునప్పుడు దిగువమెట్ట దగ్గర అడవి మొదలగును. అటనుండి దారి స్వభావమే మాఱిపోవును. ఉత్తరమున దోర్నాలనుండి శ్రీశైలమునకు పోవు ఘాటురోడ్డును అట్టిదే. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ, ముందేమున్నదో చూడనీయని మలుపులు. నాగార్జునసాగర్ శ్రీశైలము పులుల అభయారణ్యము ఇక్కడనే ఉన్నది.

మైదానమున తిన్నని రోడ్డుపై విసిగిన యువకునకు ఈ మలుపులు ఎంత ఉల్లాసమును కలిగించునో ఊహింపవచ్చును. ఆదివారము ఉదయమున మోటారుసైకిళ్ళు గుంపులుగా వచ్చుట అందువలననే.

ఒకనాడు నేను నంద్యాలకు పోవుచు దిగువమెట్ట దగ్గర టీకొట్టుకడ ఆగితిని. ఇరువదేండ్ల యువకుడొకడు తన బండి ప్రక్కన నిలిచి మిత్రులకు ఫుట్‌రెస్టు చూపుచుండెను. దాని కొస ఏటవాలుగా అరిగి వెండివలె మెఱయుచుండెను. నేను చూచుట గమనించి, "చూడండి సార్, ఒక్క నెలలో ఎట్లా అరిగిందో!" అనెను.

"బాగున్నది నాయనా. నేలను తాకిన తరువాత ఇంకెంత ఒరుగవచ్చును?" అని అడిగితిని.

అతడు నవ్వి, "అది ఎవరికి తెలుసు సార్? వంచితే తెలుస్తుంది" అనెను.

అతని ప్రక్కన తమ్ముడు నిలిచియుండెను. ఎనిమిదవ తరగతి చదువుచున్నాడట. చేతిలో అన్న ఫోను. "నీకేమి పని ఇక్కడ?" అని అడుగగా, "అన్న మలుపు తిరిగేటప్పుడు నేను వీడియో తీస్తాను సార్. మలుపు బయటి అంచున నిలబడితే బాగా వస్తుంది" అని చెప్పెను.

ఆ బాలుని మాట నన్ను నాటినుండి విడువలేదు. ఎందువలననో ముందు చెప్పెదను.

మొదట ఆ యువకుని పక్షము వహించి మాటాడవలసియున్నది. మలుపులో మోటారుసైకిలు ఒరుగుట తప్పు కాదు. ఒరుగనిదే అది తిరుగజాలదు. ఎడ్లబండికి గడ్డి ఎత్తుగా వేసి వేగముగా మలుపు తిప్పినచో గడ్డిమోపు వెలుపలివైపునకు వాలును. అది మీరు చూచియే యుందురు. కదలుచున్న ప్రతివస్తువును తిన్నగనే పోవలెనని చూచును. దానిని ప్రక్కకు త్రిప్పవలెనన్నచో లోపలివైపునకు లాగు బలమొకటి కావలయును. బండికి నాలుగు చక్రములున్నచో వెడల్పువలన నిలుచును. రెండుచక్రముల బండికి ఆ వెడల్పు లేదు. కావున అది తన బరువునే లోపలివైపునకు వాల్చి సరిచూచుకొనును. మైదానమున గుండ్రముగా పరుగెత్తు బాలుడు ఎవరును చెప్పకయే లోపలివైపునకు వాలుట చూడుడు. అదియు ఇదియు ఒకటే.

ఈ విద్యలో ఒక వింత కలదు. విమానమును కనిపెట్టిన రైటు సోదరులు మొదట సైకిళ్ళు చేసి అమ్మినవారు. వారిలో విల్బరు రైటు ఒక సంగతి కనిపెట్టెను. ఎడమకు తిరుగుట ఎట్లని సైకిలు త్రొక్కువారి నడిగినచో, హ్యాండిలును ఎడమకు త్రిప్పుదుమని చెప్పుదురు. కాని నిజమునకు వారు మొదట దానిని లేశమాత్రము కుడికి త్రిప్పుదురు. అప్పుడు చక్రము కుడికి జరిగి, బండియు మనిషియు ఎడమకు వాలుదురు. ఆ పిమ్మటనే హ్యాండిలు ఎడమకు తిరుగును. ఇదంతయు తృటికాలమున, తెలియకయే జరిగిపోవును. 1903లో ఆకాశమున ఎగిరిన ఆ సోదరులకు, వాలుటయే తిరుగుటకు మూలమను సత్యము సైకిలుపైననే బోధపడినది. కావున మలుపులో వాలుటయందలి ఆనందమును నేను నిందింపను. దేహమును, యంత్రమును, నేలను ఒక్కటిగా నిలుపు నేర్పు అది.

అట్లైన నా అభ్యంతర మెక్కడ? ఎంత వాలుట అనుచోట.

లెక్కవేసి చూతము. ముప్పది మీటర్ల వ్యాసార్ధముగల మలుపు నొకదానిని తీసికొనుడు. గంటకు 30 కిలోమీటర్ల వేగముతో దానిని తిరుగుటకు బండి సుమారు 13 డిగ్రీలు ఒరుగవలయును. 45 కిలోమీటర్ల వేగమైనచో సుమారు 28 డిగ్రీలు. 60 కిలోమీటర్లైనచో 43 డిగ్రీలకు మించును. వేగము రెట్టింపైనది, కావలసిన బలము మాత్రము నాలుగింతలైనది. వేగమును దానితోనే గుణించి మలుపు వ్యాసార్ధముచే భాగించుట ఇందలి సూత్రము. బండి బరువైనదైనను తేలికదైనను ఈ కోణము మాఱదు. చక్రములకు వెడల్పుండుటవలన నిజమైన వాలు ఇంకను కొంచె మెక్కువగనే యుండును.

టైరునకును రోడ్డునకును నడుమ నుండు పట్టు ఈ బలమును ఈయవలయును. పొడిగా శుభ్రముగా నున్న తారుపై మంచి టైరు సుమారు 40, 45 డిగ్రీలవఱకు బండిని నిలుపగలదు. తడి రోడ్డుపై ఆ పట్టు తగ్గును. ఇసుకపైనను, కంకరపైనను, లారీలనుండి కారిన నూనెపైనను మిక్కిలి తగ్గిపోవును. అనగా 60 కిలోమీటర్ల వేగముతో ఆ మలుపు తిరుగువాడు తనకున్న పట్టునంతయు వెచ్చించి తిరుగుచున్నాడు. అతనిచేత మిగిలిన దేమియు లేదు.

ఇప్పుడు ఫుట్‌రెస్టు సంగతి. సామాన్యమైన మోటారుసైకిళ్ళలో అది ఒక కీలుపై అమర్చబడి, నేల తాకినప్పుడు పైకి మడుచుకొనును. కొన్నిటికి దాని కొసను క్రిందికి పొడుచుకొని వచ్చు చిన్న మేకును గూడ బిగింతురు. అది అందఱికంటె ముందు నేలను తాకి, నడుపువానికి ధ్వనిచే తెలియజేయును. అమెరికాలో పుట్టిన హార్లే డేవిడ్‌సన్ వంటి భారీ బండ్లకు కమ్మికి బదులు పాదమంతయు ఆనునట్లు వెడల్పైన పలక యుండును. ఆ బండ్లు నేలకు దగ్గఱగా నుండుటవలన అవి 30 డిగ్రీల ప్రాంతముననే నేలను రాచును. కమ్మియైనను, పలకయైనను, ఆ రాపిడి ధ్వనిలో ఒక వార్త కలదు: 'నేను మడుచుకొనగలను, నా తరువాత నున్నవి మడుచుకొనజాలవు' అని.

ఆ తరువాత నున్నవి యేవి? ఎడమప్రక్క సైడు స్టాండు, కుడిప్రక్క చాల బండ్లకు సైలెన్సరు, కొన్నిటికి ముందు లెగ్‌గార్డు. ఇవి గట్టివి. వీనిలో నొకటి నేలను బలముగా తాకినచో అది మీటవలె పనిచేసి చక్రమును నేలనుండి పైకెత్తును. చక్రము లేచిన క్షణమున పట్టు పోవును. బండి ప్రక్కకు జాఱును. నూతిలోనుండి బరువైన రాతిని గునపముతో మీటి లేపునట్లే, తన బండిని తానే మీటి లేపుకొన్నట్లగును. కావున అరిగిన కమ్మి నేర్పునకు గుఱుతు కాదు. అది హెచ్చరిక నెన్నిసార్లు పెడచెవిని పెట్టితిమో తెలుపు లెక్కపుస్తకము.

ఇంకొక సంగతి గమనింపుడు. ఒకే బండిపై ముగ్గురెక్కి పోవుట మన ఊళ్ళలో సర్వసాధారణము. బరువు పెరిగినకొలది స్ప్రింగులు క్రుంగి బండి నేలకు దగ్గఱగును. అప్పుడు తక్కువ వాలునకే కమ్మి నేలను రాచును. కావున రాపిడి వినవచ్చినంతమాత్రమున వేగమే కారణమనరాదు. ఎక్కువ బరువును, సడలిన స్ప్రింగులును, గాలి తగ్గిన టైరును గూడ కారణములు కావచ్చును. వీనిలో ఏ ఒక్కటియు గర్వింపదగినది కాదు.

"పందెములలో పరుగెత్తువారు అంతకంటె ఎక్కువ వాల్చుట లేదా?" అని మీరు ప్రశ్నింపవచ్చును. వాల్చుచున్నారు. 2023 సెప్టెంబరులో ఢిల్లీ చేరువనున్న గ్రేటర్ నోయిడాలోని బుద్ధ సర్క్యూటులో మోటోజీపీ పందెము జరిగినది. ఆ పందెములలో బండ్లు 60 డిగ్రీలకు మించి ఒరుగును. నడుపువారి మోకాళ్ళును, ఒక్కొక్కప్పుడు మోచేతులును నేలను రాచును. కాని ఆ పరిస్థితులను చూడుడు. అక్కడ అందఱు ఒకే దిశకు పోవుదురు. ఎదుటినుండి వచ్చువా రుండరు. మలుపు వెలుపల జాఱిపడినవారు దొర్లుటకు విశాలమైన ఖాళీస్థల ముండును. మెత్తని జిగురుగల ప్రత్యేకమైన టైర్లను వేడిచేసి వాడుదురు. వారి ఫుట్‌రెస్టులు ఎత్తున నుండును. నేల తాకుట వారికి గొప్ప కాదు. వైద్యులు సిద్ధముగా నుందురు. దేహమంతయు దట్టమైన తోలుదుస్తులతో కప్పబడియుండును.

రోడ్డుపై పందెమాడినచో ఏమగునో తెలిపెడి చోటొకటి లోకమున కలదు. బ్రిటనుకును ఐర్లండుకును నడుమనున్న మాన్ దీవిలో 1907నుండి మోటారుసైకిలు పందెములు జరుగుచున్నవి. 1911లో మొదలైన అక్కడి పర్వతమార్గము సుమారు 60 కిలోమీటర్ల నిడివిగలది. అవి మామూలు రోడ్లే, ఇరుప్రక్కల గోడలును ఇండ్లును కలవు. పందెపువేళ ఆ దారిని పూర్తిగా మూసివేయుదురు. పాల్గొనువారు లోకమునందలి మిక్కిలి నేర్పరులు. అట్లుండియు ఆ మార్గముపై ఇంతవఱకు 250 మందికి పైగా పోటీదారులు ప్రాణములు కోల్పోయిరి. మూసిన దారిలో, మేటి నేర్పరుల గతియే అట్లున్నచో, తెఱచిన నల్లమల దారిలో మన అన్నల మాట యేమి?

మన ఘాటురోడ్డున మలుపు వెనుక ఏమున్నదో ఎవరికి తెలియును? గేదెల మంద యుండవచ్చును. కోతులు కూర్చుండియుండవచ్చును. వాన వెలిసిన పిదప కొండనుండి జాఱిన మట్టియు కంకరయు దారిపై పరచియుండవచ్చును. చెడిపోయిన లారీ నిలిచియుండవచ్చును. ఎదుటినుండి వచ్చువాని సంగతిని వేఱుగా చెప్పవలయును. మన దేశమున ఎడమప్రక్కన పోవుదుము. కుడివైపు తిరుగు మలుపులో బండి కుడికి వాలును. అప్పుడు చక్రములు మన భాగముననే యున్నను, నడుపువాని తలయు భుజమును నడిమిగీత దాటి ఎదుటివారి దారిలోనికి పోవును. ఎడమ మలుపులో ప్రమాదము వేఱు రీతిది. ఎదుటినుండి వచ్చు పొడవైన లారీ మలుపు తిరుగునప్పుడు దాని వెనుకచక్రములు ముందుచక్రములు పోయిన జాడలో పోవు. మలుపు లోపలివైపునకు జరుగును. ఆ లోపలివైపే మన దారి. రెండు మలుపులలోను తప్పించుకొనుటకు కొంత చోటు కావలయును. పూర్తిగా వాలినవానికి ఆ చోటు లేదు.

బ్రేకు వేయవచ్చును గదా యందురేమో! టైరు పట్టు ఇంటి పెద్ద నెలజీతమువంటిది. వాలుటకును, బ్రేకునకును ఆ ఒక్క జీతమునుండియే ఖర్చుచేయవలయును. మొత్తము వాలుటకే వెచ్చించినవాడు బ్రేకునకు ఏమి తెచ్చి ఇచ్చును? అట్టి సమయమున గట్టిగా బ్రేకు వేసినచో చక్రము జాఱును. తొలుతనే వేగము తగ్గించి మలుపులో ప్రవేశించినవానికి మాత్రము ఆపదలో అక్కఱకువచ్చు మిగులు ఉండును.

ఈ మిగులు అను మాట మన పెద్దలకు బాగుగా తెలిసినదే. కంభము చెరువును చూచితిరా? విజయనగర రాజుల కాలమున గుండ్లకమ్మకు అడ్డముగా, కొండల నడుమ కట్టిన ఆ కట్ట నేటికిని నిలిచి పొలములకు నీరిచ్చుచున్నది. చెరువు కట్టువారు కట్ట అంచువఱకు నీరు నిలుపరు. అంతకు చాల దిగువనే అలుగు ఏర్పఱచి, అధికమైన నీటిని బయటికి విడిచిపెట్టుదురు. నీటికిని కట్ట కొసకును నడుమ నున్న ఆ ఎత్తు వ్యర్థమా? ఎన్నడో ఒకనాడు వచ్చు పెనువఱదకై దాచిన ఎత్తు అది. మా చెరువులో నీరు కట్ట కొసను ముద్దాడినదని ఏ కాపరియు గర్వింపడు. ఆ మాట వినినచో ఊరు భయపడి పరుగెత్తును. ఫుట్‌రెస్టు నేల తాకినదని చెప్పువాడు ఆ మాటనే చెప్పుచున్నాడు. కాని మనము చప్పట్లు కొట్టుచున్నాము!

నేర్పు అనునది అంచును తాకుటలో లేదు. అంచెక్కడ నున్నదో తెలిసి, దానికి ఈవల నిలుచుటలో ఉన్నది. నేర్పరియైనవాడు మలుపునకు ముందే వేగము తగ్గించును. చూపును తన చక్రముపై గాక మలుపు ముగియుచోట నిలుపును. తనకు కనబడుచున్న దూరములో ఆగగలిగినంత వేగముననే పోవును. వెనుక కూర్చున్నవాడు నడుపువానితోపాటు వాలవలయును గాని భయపడి ఎదురుప్రక్కకు వంగరాదు. ఎప్పుడైన కమ్మి నేలను రాచినచో నడుపువాడు బెదరి బ్రేకు నొక్కరాదు. మెల్లగా బండిని పైకెత్తి, తరువాతి మలుపును తక్కువ వేగముతో తిరుగవలయును. అట్లు నడుపువాని ఫుట్‌రెస్టు పదేండ్లైనను అరుగదు. అరుగని ఆ కమ్మియే నా దృష్టిలో పతకము.

యువకుల తప్పొక్కటియే కాదు. మనది కూడ కొంత కలదు. వేగము, వాలు అను వానియందు ఆసక్తిగల గిద్దలూరు యువకునకు నేర్చుకొనుటకు చోటేది? ఒకప్పుడు మద్రాసు చేరువనున్న షోలవరము విమానతలమున మోటారు పందెములు జరిగెడివి. నేడును చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో పందెపు బాట కలదు. కాని అది ఇక్కడికి ఎంత దూరము, ఎంత ఖర్చు! పట్టణమునకు వెలుపల ఒక చదునైన మైదానమును ఏర్పఱచి, నెమ్మదిగా మలుపు తిరుగుటయు, తటాలున ఆగుటయు, వాలినబండిని సరిచేయుటయు నేర్పినచో ఎంత మేలు! ఆటస్థలము లేని బాలుడు వీధిలో ఆడును. శిక్షణస్థలము లేని యువకుడు ఘాటురోడ్డుకు పోవును. వానిని తిట్టుటకు ముందు ఈ మాటను పెద్దలు ఆలోచింపవలయును. మలుపులలో కంకర ఊడ్పించుటయు, హెచ్చరిక పలకలు నిలుపుటయు కూడ పెద్దల బాధ్యతయే.

అట్లని చట్టమును మఱువరాదు. 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము గేర్లుగల మోటారుసైకిలు నడుపుటకు పదునెనిమిదేండ్లు నిండవలయును. నడుపువాడును, వెనుక కూర్చున్నవాడును హెల్మెట్టు ధరింపవలయును. అనుమతి లేక బహిరంగ స్థలమున వేగపు పోటీలాడుట నేరము. 2019లో ఆ చట్టమును సవరించి, పిల్లవానికి బండి యిచ్చిన పెద్దలకు 25,000 రూపాయల జరిమానాయు, మూడేండ్లవఱకు ఖైదును విధింపవచ్చునని నిర్ణయించిరి. ఈ కఠినత్వమునకు కారణము కలదు. కేంద్రప్రభుత్వపు లెక్కల ప్రకారము 2022వ సంవత్సరమున మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో 74,897 మంది ద్విచక్రవాహనములపై పోవుచున్నవారు. అనగా నూటికి నలువదినలుగురికి పైగా. వీరందఱు మలుపులలో పడినవారు కారు. కాని రెండుచక్రములపైనున్న మనిషికి తన చర్మము తప్ప వేఱు గోడ లేదని ఆ అంకెలు తెలుపుచున్నవి.

విద్యార్థులారా! ఇంతవఱకు చెప్పినది మీ అన్నలకైనట్లు తోచవచ్చును. మీకు ఇంకను బండి నడుపు వయసు రాలేదు. కాని ఈ విషయమున మీ చేతిలో గొప్ప శక్తి యొకటి ఉన్నది. దానిని తెలుపుటకే ఆ టీకొట్టుకడ చూచిన బాలుని మాట ముందు చెప్పితిని.

ఆ బాలుడు మలుపు వెలుపలి అంచున నిలుచుదు ననెను. వాలిన బండి పట్టు తప్పినచో ఎటు పోవును? త్రాడునకు రాయి కట్టి గిరగిర త్రిప్పుచు విడిచిపెట్టినచో ఆ రాయి గుండ్రముగా పోదు. విడిచిన చోటనుండి తిన్నగా ఎగిరిపోవును. జాఱిన బండియు అట్లే మలుపును వదలి తిన్నగా వెలుపలి అంచునకు దూసికొనిపోవును. అనగా తమ్ముడు ఫోను పట్టుకొని నిలిచిన చోటికే. బొమ్మ బాగుగా వచ్చుచోటని ఆ బాలుడు ఎంచుకొన్నది, ఆ దారిలో అన్నిటికంటె అపాయకరమైన అడుగు. ఈ మాటను నేను నేలపై గీత గీసి వారిద్దఱికిని చూపితిని. అన్న ముఖము వెలవెలబోయెను. తన ప్రాణమునుగూర్చి చెప్పినప్పుడు నవ్విన యువకుడు, తమ్ముని ప్రాణమునుగూర్చి చెప్పినప్పుడు నవ్వలేదు. "వాణ్ణి అక్కడ నిలబెట్టను సార్" అనెను.

"నీవు వంచుట మానుదువా?" అని అడిగితిని. అతడు బదులు చెప్పలేదు. నేను బస్సెక్కి పోతిని. ఆ ప్రశ్నకు సమాధానము నాకు నేటికిని తెలియదు.

కాని ఒక సంగతి మాత్రము స్పష్టమైనది. చూచువాడు లేనిదే ఆ విన్యాసము చాలవఱకు సాగదు. వీడియో తీయు తమ్ముడును, దానిని చూచి మెచ్చు మిత్రులును, "ఈసారి నిప్పురవ్వలు రావలెను" అని రెచ్చగొట్టు తోడివారును ఆ వాలును ఇంకను రెండు డిగ్రీలు పెంచుచున్నారు. ఆ రెండు డిగ్రీలే చాలును. కావున మీ మెప్పును జాగ్రత్తగా వాడుడు. మీ అన్న కమ్మి అరిగినదని చూపినప్పుడు, "అన్నా, ఇంకెంత మిగిలినది?" అని అడుగుడు. ముగ్గురెక్కుమని పిలిచినప్పుడు నేను నడచి వత్తునని చెప్పుడు. వెనుక కూర్చున్నప్పుడు హెల్మెట్టు కోరి పెట్టుకొనుడు. మలుపునకు ముందు నెమ్మదించిన అన్నను పిఱికివాడని వెక్కిరింపకుడు. బాగుగా నడిపితివన్నా అని ఒక్క మాట చెప్పుడు. ఆ మాటను మన ఊళ్ళలో ఇంతవఱకు ఎవరును చెప్పుట లేదు. అందువలననే నెమ్మదించుటలో గౌరవమున్నదని యువకునకు తెలియుట లేదు.

మార్కాపురపు పలకపై వ్రాసిన తప్పును తుడిచి దిద్దుకొనవచ్చును. రోడ్డుపై గీసిన గీత అట్టిది కాదు. మీరును పదునెనిమిదేండ్లు నిండి, చట్టము చెప్పిన లైసెన్సు పొంది, ఒకనాడు ఆ నల్లమల దారిలో బండి నడుపుదురు. చల్లని గాలి ముఖమునకు తగులుచుండగా మలుపులో మెల్లగా వాలుదురు. ఆ ఆనందము మీకు కలుగవలెననియే నా కోరిక. నంద్యాల చేరి, ఇంటికి ఫోను చేసి, క్షేమముగా వచ్చితినని అమ్మకు చెప్పునప్పుడుగాని ఆ ప్రయాణము ముగియదు. అంతవఱకు చాలునంత మిగులు మీ చక్రముల క్రింద ఉంచుకొనుడు.